జాంబీలలో అన్నిటికన్నా భయంకరమైనవి ఏవి? అవి విరుచుకుపడితే ఎలా బతకాలి?

ప్రశ్న:
కథల్లో చచ్చి లేచి మనుషులను కరిచే జాంబీలలో పరుగెత్తేవే అత్యంత ప్రమాదకరమైనవని ఎక్కువమంది అంటారు గానీ, వేగం ఒక్కటే భయానికి కొలమానం కాదని నాకు అనిపిస్తుంది. మీ దృష్టిలో ఏ రకం జాంబీల నుంచి ప్రాణాలతో బయటపడటం కష్టం? మొదటి రోజుల్లో ఏం చేయాలి? కారణాలతో సహా చెప్పగలరు.

సమాధానం 1:
నా ఓటు నెమ్మదిగా నడిచేవాటికే. జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’లో కాటు పడకపోయినా, ఏ కారణంతో చనిపోయినవారైనా కొద్దిసేపటికే లేచి వస్తారు. ఈ ఒక్క నియమంతో తలుపు గడియకు విలువ లేకుండా పోతుంది. నేలమాళిగే సురక్షితమని అందులో ఒక తండ్రి పట్టుబడతాడు. చివరకు అక్కడే పడుకోబెట్టిన కూతురు చనిపోయి, లేచి, తాపీతో కన్నతల్లిని పొడిచి చంపుతుంది. బయటి గుంపును అడ్డుకోవచ్చు, కానీ జ్వరంతో ఉన్న సొంతమనిషి పక్కన రాత్రంతా కాపలా ఉండేదెవరో ముందుగానే తేల్చుకోవాలి.

సమాధానం 2:
పై మాట నిజమే అయినా, ‘28 డేస్ లేటర్’ (2002) సినిమాలోని రోగులే నన్ను ఎక్కువ భయపెడతారు. కాకి పొడుస్తున్న శవం నుంచి ఒక్క రక్తపుబొట్టు కంట్లో పడగానే, కూతురిని దూరంగా ఉండమని చెప్పేంత వ్యవధి మాత్రమే ఒక తండ్రికి మిగులుతుంది. అయితే వాళ్లు శవాలు కారు, వైరస్ సోకిన మనుషులు. తిండి లేక కొన్ని వారాల్లో వాళ్లే కూలిపోతారు. కాబట్టి అక్కడ పోరాటం కన్నా చప్పుడు చేయకుండా దాక్కోవడమే మేలు.

సమాధానం 3:
నాకు శిలీంధ్రం (ఫంగస్) రకమే ఘోరంగా తోస్తుంది, ఎందుకంటే దానికి ప్రకృతిలోనే ఆధారం ఉంది. ఒఫియోకార్డిసెప్స్ అనే శిలీంధ్రం సోకిన చీమ మొక్క ఎక్కి, ఆకు ఈనెను గట్టిగా కరిచిపట్టుకుని చనిపోతుంది. ఆ తరువాత దాని తల నుంచి శిలీంధ్రపు కాడ మొలుస్తుంది. శిలీంధ్రం మెదడులోకి చొరబడకుండా కండరాలను చుట్టుముడుతుందని పరిశోధకులు గమనించారు. ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ (2013) వీడియో గేమ్ ఈ ఊహనే మనుషులకు వర్తింపజేసింది. మన ఒంటి వేడికి చాలా శిలీంధ్రాలు బతకలేవన్నది కొంత ఊరట.

ఇక బతకడం సంగతి. కెనడా పరిశోధకులు 2009లో జాంబీల వ్యాప్తిని గణిత నమూనాగా మలిచి, తొలి దశలోనే పదేపదే గట్టిగా ఎదుర్కొంటే తప్ప నాగరికత నిలవదని తేల్చారు. అది ప్రభుత్వాల పని. ఇంట్లో ఉన్నవారు మాత్రం ముందు నీళ్లు చూసుకోవాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2011లో జాంబీల పేరు చెప్పి విపత్తు సన్నాహాల గురించి ప్రచారం చేసింది. మనిషికి రోజుకు ఒక గాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు, అవసరమన్నది దాని లెక్క. ఆయుధాల గురించి గంటలకొద్దీ వాదించుకునేవారు ఈ లెక్క వేయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. నలుగురికి రెండు వారాలంటే 200 లీటర్లు దాటుతుంది. కుళాయి ఆగకముందే అంత నీరు పట్టి, మూతలు బిగించి పెట్టుకోవాలి.