అప్‌డేట్: తెన్నేటి పార్కు కింద మడతలు పడ్డ రాళ్లు

పోయిన నెల అడిగాను కదా, వైజాగ్ తెన్నేటి పార్కు కింద ఒడ్డున రాళ్లలో చారలు చీర కుచ్చిళ్లలా ఒంపులు తిరిగాయి, అంత గట్టి రాయి విరగకుండా ఎలా వంగింది, ఒకప్పుడు లావానా అని. కాదని మీలో చాలామంది చెప్పారు. నిన్న ఆటు చూసుకుని మా బావగారితో మళ్లీ వెళ్లాను. ఆయన జియాలజీ చదివి బ్యాంకులో చేస్తున్నారు (చదువు వృథా పోలేదని నిన్న తేలింది).

అది ఖోండలైట్. ఒకప్పటి బంకమట్టి పొరలు చాలా లోతుకు దిగి, 800 డిగ్రీలు దాటిన వేడికి ఇలా మారాయట. అక్కడక్కడా కాస్త కరిగినా, చాలా భాగం గట్టిగా ఉండగానే సాగింది. ఈ రాయిలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం అయితే సుమారు 300 డిగ్రీలకే సాగడం మొదలెడుతుంది, స్ఫటికాల లోపల అణువుల వరుసలు జారుతూ. అదీ లక్షల ఏళ్లు నొక్కితేనే. తొందరపెడితే విరుగుతుంది.

ఒక మడతను వేలితో తడిమాను. మలుపు దగ్గర పొర బొటనవేలంత మందం, పక్కలకు వచ్చేసరికి చిటికెనవేలంత. అంటే రాయి మలుపు వైపు పారిందన్నమాట! మధ్యలో దానిమ్మ గింజల్లా గార్నెట్లు (ఎర్రటి ఖనిజం).

అసలు విషయం పక్కనే ఉంది. అదే మడతను కోస్తూ ఒక పగులు, దానికి అటూ ఇటూ చారలు రెండంగుళాలు తప్పాయి. "ఇదే ఫాల్ట్, బుల్లిది" అన్నారు బావగారు. మడతను కోసింది కాబట్టి మడత తర్వాతదే. రాయి పైకొచ్చి, చల్లారి, పెళుసుబారాక విరిగింది. నేను తలకిందులుగా, పగులే ముందు, మడత తర్వాత అనుకున్నాను.

ఫోటో అడగకండి, అల కొట్టి ఫోన్ తడిసింది.