ఆటుపోట్లతో కరెంటు: గోదావరి మొగలో కుదిరే పనేనా?

ఏటిగట్టు_యానాం:
మా దగ్గర గౌతమి రోజుకు రెండుసార్లు వెనక్కి పారుతుంది. పోటు అందుకుంటే ఇంజిను ఆపేసినా పడవ ఎగువకు పోతుంది. ఫ్రాన్సులో రాన్స్ నది సముద్రంలో కలిసేచోట ఈ పోటుతోనే 1966 నుంచి కరెంటు తీస్తున్నారు. 24 టర్బైన్లు, 240 మెగావాట్లు. మనకెందుకు చేతకాదు?

పాత_సబ్‌స్టేషన్:
చేతకాక కాదు తమ్ముడూ, నీళ్లు అంత లేవక. రాన్స్‌లో పోటుకీ పాటుకీ తేడా సగటున 8 మీటర్లు. మన తీరంలో పున్నమికైనా ఒకటిన్నర మీటరు దాటడం కష్టం. కట్ట వేసి నీళ్లు నిలిపితే వచ్చే కరెంటు ఆ తేడాకు వర్గంలో, అంటే తేడాను తేడాతోనే గుణించిన లెక్కలో ఉంటుంది. అక్కడ 64 యూనిట్లు వచ్చే వైశాల్యంలో, ఒక మీటరు పోటుకు ఒక్క యూనిట్ వస్తుంది. కట్ట ఖర్చేమో 64వ వంతుకు తగ్గదాయె!

దివిసీమ_కోడలు:
అసలు కట్ట ఎందుకండీ? స్కాట్లండులో గాలిమరల్లాంటివి నీటి అడుగున పెట్టారు కదా.

పాత_సబ్‌స్టేషన్:
పెట్టారమ్మా. అక్కడ నీళ్లు సెకనుకు 5 మీటర్ల దాకా ఉరుకుతాయి. ఈ మరలకు లెక్క వేగానికి ఘనం, అంటే వేగాన్ని మూడుసార్లు వేసి గుణించాలి. మన ఏట్లో వేగం మీటరుంటే, అదే మరకు 125వ వంతు కరెంటు.

వలకట్టు:
లెక్కలు సరే, చేపల సంగతి? రాన్స్ కట్టేటప్పుడు ఏటికి సముద్రంతో సంబంధం లేకుండా మూడేళ్లు మూసేశారు. లోపలి జీవాలు చాలావరకు చచ్చాయి, మళ్లీ కుదురుకోవడానికి పదేళ్లు పట్టింది. ఇప్పుడు ఒండ్రు మేట వేస్తోంది. మన కోరింగ మడ అడవులు బతికేదే పోటు నీళ్ల మీద. ఆ మొగకు కట్ట అంటే నేను ఒప్పుకోను. ఫ్రాన్సువాళ్లు కట్ట మీద రోడ్డు వేసుకున్నారు, అది మాత్రం బాగుంది.

పాత_సబ్‌స్టేషన్:
ఇంకోటి. సుందర్బన్స్‌లో దుర్గాదువాని పాయ మీద 3.75 మెగావాట్లకు 238 కోట్లు అంచనా వేశారు. మెగావాటుకు 63 కోట్ల పైనే! ఖర్చు చూసి వదిలేశారు. మన దేశంలో పోటుకు బలమున్న చోటు గుజరాత్‌లోని ఖంభాత్, అక్కడ 11 మీటర్ల దాకా లేస్తుంది. గోదావరికి ఆ యోగం లేదు.

ఏటిగట్టు_యానాం:
అన్నా, మెగావాట్లు ఎవరడిగారు? లంకలో ఐసు చేసుకునే చిన్న మర చాలు. సోలార్ రాత్రి పడుకుంటుంది, పోటు పడుకోదు. పైగా పోటు ఎప్పుడొస్తుందో ఏడాది ముందే చెప్పొచ్చు.

పాత_సబ్‌స్టేషన్:
చెప్పొచ్చు, కానీ రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నీకు సాయంత్రం ఏడింటికి కరెంటు కావాలంటే అది తొమ్మిదింటికి వస్తానంటుంది.

ఏటిగట్టు_యానాం:
దీపాలకైతే నిజమే. ఐసుకు టైముతో పనేముంది? గడ్డకడితే చాలు.

వలకట్టు:
కట్ట లేకుండా పెడతానంటే నాకు పేచీ లేదు. వలలు పడేచోట మాత్రం పెట్టకు.