పిల్లికి రోజూ చేపలు పెట్టొచ్చా?
మాది కాకినాడ. మా పిల్లికి ఏడు నెలలు, నెత్తళ్ళ వాసన వస్తే చాలు వంటింట్లోంచి కదలదు. అమ్మ చేపలు కడిగేటప్పుడు తలకాయలు, తోకలు పచ్చివే పడేస్తుంది, అదేంటంటే "పిల్లి చేపలు తినక ఇంకేం తింటుందిరా" అంటుంది. కొన్ని పచ్చి చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుందని, అది బి1 విటమిన్‌ని పాడు చేస్తుందని, అలా చాలా రోజులు తింటే పిల్లి తూలుతూ నడవడం, ఫిట్స్ రావడం కూడా జరగొచ్చని చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఉడికిస్తే ఆ గొడవ పోతుంది కానీ ఉడికిన ముల్లు పెళుసుగా విరిగి గొంతులో గుచ్చుకోవచ్చు, నెత్తళ్ళకి ముళ్ళు తీయడం అయ్యే పనేనా! ఉప్పు లేకుండా ఉడికించి వారానికి రెండుసార్లు పెడితే చాలా? ఎండు చేపలు నానబెట్టి ఇవ్వొచ్చా, అసలు వద్దా? ఇప్పుడు క్యాట్ ఫుడ్ ముట్టట్లేదు కూడా. మీరెవరైనా ఈ అలవాటు ఎలా మాన్పించారో చెప్పండి.