మ్యూజికల్ నాటకాన్ని మూకీగా తీస్తే ఇంకేం మిగుల్తుంది?

పాతరీలు:
రాత్రి సాలీ ఆఫ్ ది సాడస్ట్ అనే హాలీవుడ్ మూకీ చూశా, 1925ది, డైరెక్టర్ డి.డబ్ల్యూ. గ్రిఫిత్ తీసింది. ఇది పాపీ అని 1923లో న్యూయార్క్ బ్రాడ్వే స్టేజి మీద ఆడిన మ్యూజికల్‌ కథంట. పాటల కోసం జనం వెళ్ళే నాటకాన్ని సౌండే లేకుండా తీయడమేంటి, పద్యాలు పీకేసి పౌరాణికం ఆడినట్టు లేదూ? పైగా నేను చూసిన ప్రింట్‌కి ఎవరో ఒకటే పియానో ముక్క తిప్పి తిప్పి పెట్టారు, తలనొప్పి.

గళ్ళచొక్కా:
కమెడియన్ డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ మిగుల్తాడు కదా బ్రో. స్టేజి మీద కూడా సాలీని పెంచిన మోసగాడు ప్రొఫెసర్ మెక్‌గార్గిల్ వేషం ఆయనదే. మనిషి అసలు జగ్లర్ (బంతులవీ గాల్లో ఎగరేసి పట్టేవాడు), వాడెవిల్ అనే రకరకాల ఐటమ్‌ల స్టేజి షోల్లో దానితోనే పేరొచ్చింది. టాకీలొచ్చాక ఆ ముక్కుతో సాగదీసే మాటకి జనం పడిపోయారు గానీ ఇందులో గొంతు లేదు కాబట్టి మన కళ్ళు చేతుల మీదే ఉంటాయి, ఊరోళ్ళ దగ్గర డబ్బులు గుంజే సీన్లలో వేళ్ళు చూడు ఒకసారి. ఆ పెట్టుడు మీసం మాత్రం ఘోరం.

లాస్ట్‌బెంచి:
అప్పట్లో హాల్లో నిశ్శబ్దంగా ఏం ఉండేది కాదండీ, పెద్ద థియేటర్లో ఆర్కెస్ట్రా, చిన్నదాంట్లో పియానోనో ఆర్గనో. అదే ఏడాది డైరెక్టర్ స్ట్రోహైమ్ ది మెర్రీ విడో కూడా మూకీగా తీశాడు, అదీ లెహార్ అనే సంగీతకర్త ఆపరెట్టానే (పాటలతో నడిచే తేలికపాటి నాటకం), తెర మీద జంటలు వాల్ట్జ్ డాన్స్ ఆడుతుంటే హాల్లో వాయిద్యాలు వాయించేవాళ్ళు. మీరు విన్న పియానో తర్వాతెవరో అతికించిందై ఉంటుంది, మ్యూట్ చేసి చూడండి.

గోదారిగట్టు:
నాకైతే పాటలు పోయినందుకు బాధ లేదు, గ్రిఫిత్ ఏడుపు ఎక్కువ పెట్టాడనే కంప్లెయింట్. కోర్టులో సాలీకి శిక్ష వేయబోయే జడ్జి సొంత తాతే, ఆ సంగతి ఇద్దరికీ తెలీదు, తెలిసిన మెక్‌గార్గిల్ ఏమో డొక్కు కారేసుకుని గుంతల్లో ఎగురుకుంటూ వస్తుంటాడు. ఇక్కడ కన్నీళ్ళు అక్కడ కామెడీ, అటూ ఇటూ కట్ చేస్తుంటే నవ్వాలో ఏడవాలో తేలదు. ఆఖరి నిమిషంలో కాపాడ్డం ఆయన పాత ట్రిక్కే లెండి. సాలీగా వేసిన కరోల్ డెంప్‌స్టర్‌ని అందరూ తిడతారు గానీ సర్కస్ సీన్లలో బానే చేసింది.

పాతరీలు:
అయితే ఈ కథ టాకీగా రాలేదా?

గళ్ళచొక్కా:
వచ్చింది, 1936లో పారామౌంట్ స్టూడియో పాపీ పేరుతోనే తీసింది, మళ్ళీ ఫీల్డ్సే. అది కూడా చూసి ఏది నచ్చిందో చెప్పు.