కీమో వార్డులో ఇన్ఫెక్షన్ వస్తే నర్సుని అడగకూడదా?

గౌతమి ఒడ్డు:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా నాన్నగారికి కీమో నడుస్తోంది, ఛాతీ దగ్గర పోర్టు పెట్టారు, అంటే మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టే చిన్న డబ్బీ, గొట్టం. మొన్న పోర్టు ఫ్లష్ చేసిన, అంటే సిరంజితో సెలైన్ పంపి కడిగిన కాసేపటికే ఒళ్ళంతా ఒణుకు, ఆ తర్వాత జ్వరం. ఆ పోర్టు లైన్‌లో ఇన్ఫెక్షన్ అన్నారు డాక్టరుగారు. నేను పక్కనే ఉన్నా, నా కళ్ళతో చూశా. సిస్టర్ గ్లౌజులేసుకునే వచ్చింది, కానీ అవే గ్లౌజులతో పక్కాయన సెలైన్ సరిచేసింది, మంచం రెయిలింగ్ పట్టుకుంది, జేబులోంచి ఫోన్ తీసింది, అదే చేత్తో నాన్న పోర్టు దగ్గర క్యాప్ తీసి సిరంజి పెట్టేసింది. అదేంటండి అంటే మీకేం తెలుసు అంది. ఆస్పత్రి పేరు చెప్పను. ఇది ఎవరి బాధ్యతో చెప్పండి.

భీమవరం బాబాయ్:
గ్లౌజులేసుకుందని మీరే అంటున్నారు. ఇంకేం చెయ్యాలి పాపం?

రాజోలు రాణి:
మా అత్తయ్యకీ ఇలాగే అయ్యింది. చాలా ఇబ్బంది పడ్డారు.

రాత్రి డ్యూటీ:
నేను కేన్సర్ వార్డులో స్టాఫ్ నర్సునండి. గౌతమి ఒడ్డు గారు చెప్పినట్టే జరిగితే అది తప్పే. గ్లౌజు మార్చకుండా తిరిగితే ఒక మంచం దగ్గర క్రిమి ఇంకో మంచానికి చేరుతుంది. పేషెంటుని ముట్టుకునే ముందు, లైను లాంటిది తెరిచే ముందు, రక్తం గట్రా తగిలాక, పేషెంటుని ముట్టుకున్నాక, మంచం చుట్టూ వస్తువులు ముట్టుకున్నాక చెయ్యి శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది. శానిటైజర్ అయితే 20-30 సెకన్లు, సబ్బు నీళ్ళయితే 40-60. సిరంజి తగిలించే చోట స్పిరిట్ స్వాబ్‌తో ఓ 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. ఆరకముందే పెడితే రుద్దిన ఫలితం పూర్తిగా రాదు.
కానీ ఒకటి అడుగుతా. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు, టీచింగ్ ఆస్పత్రుల్లో ముగ్గురికి ఒకరు ఉండాలి. వార్డంతటికీ నేనొక్కదాన్నే ఉన్న రాత్రులు బోలెడు. ఒక పక్క వాంతులు, ఒక పక్క బ్లడ్ ఎక్కుతుంటుంది, ఇంకో పక్క మందు ఎక్కించే పంపు మోగుతుంటుంది, ఆ 15 సెకన్లు ఎక్కణ్ణించి తేవాలో యాజమాన్యాన్ని కూడా అడగండి.

గౌతమి ఒడ్డు:
అడుగుతా. కానీ ఫోన్ తియ్యడానికి టైముంది కదా ఆవిడకి?

రాత్రి డ్యూటీ:
ఆ ఫోన్ డ్యూటీ డాక్టరుదేమో, మీకెలా తెలుసు? అయినా గ్లౌజు మార్చాల్సిందే, కాదనట్లేదు.

భీమవరం బాబాయ్:
థియేటర్లో డాక్టర్లు కూడా గ్లౌజులతోనే కదా ఆపరేషన్ చేసేది. గ్లౌజుల మీద ఇంత రాద్ధాంతం ఏంటో.

రాజోలు రాణి:
థియేటర్లో ఆ గ్లౌజులతో ఫోనెత్తరండి.

రాత్రి డ్యూటీ:
అసలు సంగతి వదిలేస్తున్నారు. కీమో ఎక్కించాక చాలామందికి 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాల కౌంట్ బాగా పడిపోతుంది. వాటిల్లో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గాయంటే ఒంట్లో కాపలా లేనట్టే. చీము పట్టదు, వాపు సరిగా కనపడదు, ఒక్కోసారి జ్వరమొక్కటే గుర్తు. అలాంటి మనిషి దగ్గరికి చుట్టాలు పూతరేకుల పొట్లాలు పట్టుకుని కారు నిండా దిగుతారు, అందులో ఒకరికి జలుబు, ఒకరికి దగ్గు. ఆపితే మాతో గొడవ.

భీమవరం బాబాయ్:
ఇదిగో వచ్చింది. మా అక్క ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికెళ్ళాను. రెండుసార్లు తుమ్మానని నలుగురిలో నన్ను బయటికి పొమ్మంది ఒక సిస్టర్. సొంత అక్కండీ. పరువు పోయింది. ఆ నెలలోనే పోయింది మా అక్క, ఆఖరిచూపు కూడా సరిగ్గా దక్కలేదు నాకు. మీరు నర్సులు పెద్ద కలెక్టర్లలాగ మాట్లాడతారు.

రాత్రి డ్యూటీ:
అక్కగారి సంగతి వింటే బాధేసింది. కానీ మిమ్మల్ని ఆపడం ఆ సిస్టర్ పని, ఆవిడ సరిగ్గానే చేసింది. మాస్కిచ్చి అద్దంలోంచైనా చూపించాల్సింది, ఆ మాట ఒప్పుకుంటా.

భీమవరం బాబాయ్:
సరిగ్గా చేసిందా? పది నిమిషాల తర్వాత పెద్ద డాక్టరు, ఆయనెనకాల పిల్ల డాక్టర్లు బిలబిలమంటూ లోపలికెళ్ళారు. ఒక్కడు చెయ్యి కడగలేదు. వాళ్ళని ఒక్క మాటన్లేదే ఆ సిస్టర్? పల్లెటూరోడి మీదేనా రూల్సు?

గౌతమి ఒడ్డు:
బాబాయ్ గారూ, ఇప్పుడు మీరడిగిందే అసలు ప్రశ్న. సిస్టర్ గారూ దీనికి చెప్పండి.

రాత్రి డ్యూటీ:
చెప్తా. నేను ఒకసారి అన్నాను, "సార్, హ్యాండ్ రబ్" అని. రౌండ్స్ అయ్యాక నన్ను పిలిచి అందరి ముందూ తిట్టారు, తర్వాతి నెల వార్డు మార్చేశారు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అని పేరుకి ఒకావిడుండేది, ఆవిడ చేత రిజిస్టర్లే రాయించారు. చేతులు కడుక్కోనివాణ్ణి, వాడెవడైనా సరే, మంచం దగ్గర ఆపే హక్కు నర్సుకి కాగితం మీద ఇచ్చి, ఆపినందుకు ఏమీ అనమని హామీ ఇస్తే అప్పుడు అడగండి మమ్మల్ని బాధ్యత గురించి.

గౌతమి ఒడ్డు:
హక్కు ఇవ్వాల్సిందే, ఆ విషయంలో మీతోనే ఉంటా. కానీ హక్కు వచ్చేదాకా బాధ్యత లేదంటే నేను ఒప్పుకోను. క్యాప్ రుద్దడానికి ఏ డాక్టరు పర్మిషన్ కావాలి?

రాత్రి డ్యూటీ:
అక్కర్లేదు. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

లంక రైతు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఆవిడకి సోమవారం మొదటి కీమో. ఇంటికొచ్చాక రాత్రిపూట జ్వరమొస్తే ఏం చెయ్యాలమ్మా? బిళ్ళేసి పొద్దున్న దాకా చూడొచ్చా?

రాత్రి డ్యూటీ:
చూడొద్దండి. చంకలో చేతులు పెట్టి చూడ్డం కాదు, థర్మామీటర్ కొనండి. 100.4 దాటిందంటే తెల్లారేదాకా ఆగొద్దు. డాక్టరు చెప్పకుండా పారాసెటమాల్ వెయ్యొద్దు, జ్వరం దాక్కుంటుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది. క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే కీమో పేషెంటు అని గట్టిగా చెప్పండి, గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలి.

లంక రైతు:
మాది ఏటి మధ్య లంకమ్మా. రాత్రి పంటు తిరగదు.

రాత్రి డ్యూటీ:
అయితే ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఆవిణ్ణి లంకలో ఉంచకండి. ఆస్పత్రి ఉన్న ఒడ్డున ఎవరో ఒకరి ఇంట్లో పెట్టండి, ఇంట్లో ఎవరికీ జలుబు లేకుండా చూసుకుని.