రోహిణి కార్తెలో హైదరాబాద్ నుంచి లేహ్: మధ్యలో ఆగాలా, దూసుకుపోవాలా?

కొత్తకారు_కూకట్‌పల్లి
అందరికీ నమస్కారం. మే 20న బయల్దేరి జూన్ 9కల్లా ఇంట్లో ఉండాలి. 12న పిల్లలకు బడి. మొత్తం 21 రోజులు. వెళ్లేటప్పుడు శ్రీనగర్, కార్గిల్ మీదుగా లేహ్, వచ్చేటప్పుడు మనాలీ మీదుగా. పెట్రోలు కారు, కొని ఆరు నెలలైంది. నేను రాసుకున్న మజిలీలు: నాగపూర్, జబల్‌పూర్ (భేడాఘాట్ పాలరాతి కొండల కోసం), ఓర్ఛా, ఆగ్రా, ఢిల్లీ, అమృత్‌సర్, జమ్మూ, శ్రీనగర్, కార్గిల్, లేహ్. మా టీమ్ లీడ్ చూసి "ఇది ట్రిప్పా, జనాభా లెక్కలా?" అన్నాడు. ఇందులో ఏం తీసేయాలి?

వెయ్యికిలోమీటర్లు
బ్రదర్, జమ్మూకి ముందున్నవన్నీ తీసెయ్. రెండుసార్లు వెళ్లొచ్చాను కాబట్టి చెప్తున్నా. తెల్లవారుజామున మూడింటికి మేడ్చల్ దాటు. నాగపూర్‌లో టిఫిన్, రాత్రికి ఝాన్సీ. వెయ్యి పైన అవుతుంది, రోడ్డు బాగుంటుంది కాబట్టి భయం లేదు. రెండో రోజు పల్వల్ దగ్గర తూర్పు పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కుండ్లీలో దిగితే ఢిల్లీ ఊళ్లోకి పోనక్కరలేదు. రాత్రికి అంబాలా. మూడో రోజు జమ్మూ. నువ్వు రాసుకున్నట్టు పోతే జమ్మూకే ఎనిమిది రోజులు. ఆ ఐదు రోజులు లదాఖ్‌లో పెట్టుకో, జన్మలో మర్చిపోవు.

ఇంకోటి. నువ్వు వెళ్లేది రోహిణి కార్తె ముందు. నాగపూర్‌లో 45 డిగ్రీలు. ఆ ఎండలో పిల్లల్ని ఓర్ఛా కోట మెట్లు ఎక్కిస్తావా? రోళ్లు పగిలే ఎండ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

డీజిల్‌దాస్
ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకో. 2025 ఆగస్టులో మొదలైనప్పుడు 3,000 రూపాయలకు 200 టోళ్లు. ఈ ఒక్క ట్రిప్పుతోనే చాలావరకు గిట్టుబాటు.

పాతఏడోనంబరు
బాబూ, నాకు 71 ఏళ్లు. మీరు 44వ నంబరు జాతీయ రహదారి అనే ఆ రోడ్డును మేం ఏడో నంబరు అనేవాళ్లం. మూడు రోజుల్లో జమ్మూ అంటున్న ఆయనకు ఒక మాట.

2019లో మా అబ్బాయి మా ఇద్దరినీ ఇలాగే కారులో ఢిల్లీకి తీసుకెళ్లాడు. నర్సింగ్‌పూర్ దాటాక బర్మాన్ దగ్గర ఈ రోడ్డు నర్మదను దాటుతుంది. పక్కదారి పట్టక్కరలేదు, అదే రోడ్డు. మా ఆవిడ అరగంట ముందు నుంచే రూపాయి బిళ్ల చేతిలో పట్టుకుని కూర్చుంది, నదిలో వేసి దండం పెట్టుకుందామని. వాడు వంద మీద పోతున్నాడు. అద్దం దించేలోపు వంతెన అయిపోయింది. "తిరుగు ప్రయాణంలో ఆగుదాంలే అమ్మా" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు రాత్రి పదకొండు, ఆవిడ నిద్రలో ఉంది. ఆ బిళ్ల హైదరాబాద్ దాకా వచ్చింది. ఇప్పటికీ దేవుడి గూట్లో ఉంది.

కాబట్టి ఆగండి. భేడాఘాట్‌కు జబల్‌పూర్ దాకా పోవాలంటే రానూపోనూ 150 కిలోమీటర్లు అదనం, ఎండాకాలంలో అది వద్దంటే ఒప్పుకుంటాను. బర్మాన్‌లో మాత్రం ఆగండి.

వెయ్యికిలోమీటర్లు
అంకుల్, వంతెన మీద కారు ఆపకూడదు. వెనక నుంచి లారీ గుద్దితే ఎవరు బాధ్యులు? మీ అబ్బాయి చేసింది కరెక్టే.

పాతఏడోనంబరు
వంతెన మీద ఆపమని నేనెక్కడ రాశాను? దాటాక ఘాట్‌కు దిగే దారి ఉంది. ఇరవై నిమిషాల పని.

వెయ్యికిలోమీటర్లు
ఇరవై నిమిషాలు ఎప్పుడూ ఇరవై నిమిషాలు కాదు. దిగాలి, పార్కింగ్ వెతకాలి, పిల్లలు నీళ్లలోకి దిగుతారు, బట్టలు మార్చాలి, ఈలోగా ఎవరికో ఆకలేస్తుంది. గంటన్నర. అలాంటివి నాలుగైతే ఆరు గంటలు. ఝాన్సీకి చేరాల్సినవాడు సాగర్‌లో పడుకుంటాడు.

పాతఏడోనంబరు
సాగర్‌లో పడుకుంటే ఏమైంది?

నిర్మల్‌బొమ్మ
అందరూ నాగపూర్ నుంచే మొదలుపెడుతున్నారు. మా నిర్మల్ కూడా అదే రోడ్డు మీద ఉంది సార్లూ. పొనికి కర్ర బొమ్మలు చేసేచోట ఒక పావుగంట ఆగితే పిల్లలు సంబరపడతారు. కుంటాలకు మాత్రం ఇప్పుడు పోవద్దు, మే నెలలో జలపాతంలో రాళ్లే కనిపిస్తాయి.

సైనిక్‌పురి_సుధ
కొత్తకారు తమ్ముడూ, వెళ్లేటప్పుడు శ్రీనగర్ మీదుగా అన్నది మంచి నిర్ణయం, ఎవరేం చెప్పినా మార్చకు. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపే. కార్గిల్ దాదాపు 2,700, లేహ్ 3,500. ఒంటికి మెల్లగా అలవాటవుతుంది. మనాలీ వైపు నుంచి ఎక్కితే సర్చూలో 4,200 పైన పడుకోవాల్సి రావచ్చు. నేనలా పడుకున్నాను. రాత్రంతా ఎవరో తలకు తాడు కట్టి బిగించినట్టు ఉండింది. లేహ్ చేరాక కూడా ఒకటిన్నర రోజు ఎక్కడికీ కదలకండి. మొదటి రోజే ఖర్దుంగ్ లా కనుమ ఎక్కి ఫొటో పెట్టాలని ఉబలాటపడొద్దు.

మీ ఫోన్లు పోస్ట్‌పెయిడేనా? బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. తిరుగు దారిలో లేహ్ దాటాక కారూ అనే ఊళ్లో ట్యాంకు నిండా పోయించుకోండి. మనాలీ వైపున్న తాండీ బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్లు" అన్న బోర్డు చూసి అందరూ ఫొటో దిగుతారు. అటు నుంచి దిగివచ్చేవాళ్లకు అది ఫొటో కాదు, టెన్షన్.

డీజిల్‌దాస్
ఖర్దుంగ్ లా బోర్డు మీద 18,380 అడుగులు. జీపీఎస్ పెట్టి కొలిస్తే 17,582. అది కూడా చెప్పండి మేడమ్.

వెయ్యికిలోమీటర్లు
చూశారా, సుధగారు కూడా అదే అంటున్నారు. లేహ్‌లో రోజులు కావాలి. ఎక్కడి నుంచి తెస్తారు? కింద ఆగడం మానేస్తేనే వస్తాయి. పైగా కొండదారిలో ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. జమ్మూ–శ్రీనగర్ దారిలో రాంబన్ దగ్గర కొండచరియ పడితే రోజంతా లైన్లోనే. మనాలీ వైపు సంగతి చెప్పక్కరలేదు, 2023 జూలైలో బియాస్‌కు వరదొచ్చి రోడ్డే కోసుకుపోయింది. నేను ఒకసారి బఫర్ లేకుండా వెళ్లి లేహ్ హోటల్ అడ్వాన్సు మొత్తం పోగొట్టుకున్నా. ఒక్క రూపాయి వెనక్కివ్వలేదు.

పాతఏడోనంబరు
ఆ రెండు రోజులు లదాఖ్‌లో మూడో సరస్సు తీసేసి తెచ్చుకోవచ్చు. నర్మద దగ్గరే కోయాలని ఏముంది? పెంచ్ అడవి దగ్గర రోడ్డును పైకెత్తి కింద జంతువులకు దారి వదిలారు. పులులకు కూడా దాటడానికి టైమిచ్చారు బాబూ. మాకే లేదు.

వెయ్యికిలోమీటర్లు
అంకుల్, మీ ఇంటి గొడవ ఇక్కడికి తెచ్చి అతని ప్లాన్ పాడుచేయకండి.

పాతఏడోనంబరు
నన్ను అంకుల్ అనకు. నీకు ప్రయాణం తెలియదు, దూరం మాత్రమే తెలుసు. నీలాంటివాడే మా ఇంట్లోనూ ఉన్నాడు.

వెయ్యికిలోమీటర్లు
సరే, అంకుల్ అనను. మీలాంటివారు మా ఇంట్లోనూ ఉన్నారు, కాబట్టి నేనూ ఒకటి చెప్తా.

2022లో అమ్మానాన్నల్ని తీసుకెళ్లా. సంవత్సరమంతా దాచుకున్న సెలవులు, 16 రోజులు. నాన్న ప్రతి గుడి దగ్గరా ఆగమన్నారు, ఆగాను. గ్వాలియర్‌లో ఆగాను, మథురలో ఆగాను. చివరికి పాంగాంగ్ సరస్సు చూడకుండానే తిరిగొచ్చాం. నేను చిన్నప్పటి నుంచి చూడాలనుకున్నది అదొక్కటే. ఇంటికొచ్చాక నాన్న చుట్టాలందరికీ ఏం చెప్పారో తెలుసా? "మావాడు టోల్‌గేట్లు తప్ప ఏమీ చూపించలేదు" అని. సెలవు నాది, డబ్బు నాది, నడుం నొప్పి నాది, చెడ్డపేరూ నాదే. రెండోసారి ఒక్కణ్నే వెళ్లాను. మూడు రోజుల్లో జమ్మూ చేరింది అప్పుడే. మీ అబ్బాయి వంద మీద ఎందుకు పోయాడో ఒక్కసారైనా అడిగారా?

డీజిల్‌దాస్
🙏 పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

నిర్మల్‌బొమ్మ
డీజిల్ అన్నా, నవ్వులాట కాదు ఇది.

సైనిక్‌పురి_సుధ
మీరిద్దరూ నాగపూర్, ఝాన్సీ అంటున్నారుగానీ గొడవ కిలోమీటర్ల మీద కాదు. కారులో ఎవరి మాట చెల్లాలన్నదాని మీద. వెనక సీట్లో ఉన్నాయన "అడిగినా ఆపలేదు" అంటున్నారు. ముందు సీట్లో ఉన్నాయన "ఆపినా మెచ్చుకోలేదు" అంటున్నాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కానీ ఆ పిల్లవాడు అడిగినదానికి ఇది జవాబు కాదు.

తమ్ముడూ, మొదటి పోస్టులో ఒక్క ముక్క రాయలేదు నువ్వు. కారులో ఎవరెవరు? నడిపేది నువ్వొక్కడివేనా?

కొత్తకారు_కూకట్‌పల్లి
సారీ అక్కా, ఆఫీసులో ఇరుక్కుపోయా. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. మా ఆవిడ రోజూ ఉప్పల్‌కు కారులోనే వెళ్లొస్తుంది. హైవే మీద ఇవ్వలేదు ఇంకా. అమ్మకు 66, బీపీ మాత్ర వేసుకుంటుంది.

సైనిక్‌పురి_సుధ
ఇరవై పోస్టుల తర్వాతా చెప్పేది? బీపీ ఉన్న 66 ఏళ్ల మనిషిని లేహ్ తీసుకెళ్లే ముందు డాక్టర్ని అడగాలి, మమ్మల్ని కాదు. వద్దంటే శ్రీనగర్ దాకా తీసుకెళ్లి అక్కడి నుంచి విమానంలో పంపెయ్. ఇంకోటి, నాగపూర్ దాకా రోడ్డు తిన్నగా ఉంటుంది, స్టీరింగ్ మీ ఆవిడకు ఇవ్వు. ఉప్పల్ ట్రాఫిక్‌లో నడిపే మనిషికి ఆదిలాబాద్ రోడ్డు ఒక లెక్కా?

పాతఏడోనంబరు
"పంపెయ్" అంటే పార్సిలా అమ్మా ఆవిడ?

సైనిక్‌పురి_సుధ
మాట తప్పే సార్. కానీ ఆవిడ ఆరోగ్యం ముందు. అయినా ఆవిడకు ఏం చూడాలనుందో ఎవరైనా అడిగారా? మీ మజిలీల లిస్టు ఆవిడకు చూపించావా తమ్ముడూ?

కొత్తకారు_కూకట్‌పల్లి
నిన్న రాత్రి చూపించానక్కా. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. "లేహ్ అంటే మంచు కదరా, నాకు మోకాళ్లు లాగేస్తాయి, మీరు పోండి" అంది. మా చెల్లెలు గురుగ్రామ్‌లో ఉంటుంది, అమ్మ వాళ్లింట్లో ఉంటానంటోంది. మేం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎక్కించుకోవాలి.

లిస్టు తిరిగిస్తూ ఒక్కటి అడిగింది. "కురుక్షేత్రం ఇందులో లేదేంటి?" రోజూ పొద్దున గీతలో ఒక అధ్యాయం చదువుకుంటుంది. మ్యాపు తీసి చూస్తే 44వ నంబరు రోడ్డు మీదే ఉంది, కర్నాల్‌కూ అంబాలాకూ మధ్య. పది మజిలీలు రాసుకున్నా, అది తట్టనేలేదు. ఇక్కడా ఎవరూ అనలేదు. కానీ గురుగ్రామ్‌లో దిగిపోతే కురుక్షేత్రం ఇంకా ముందుకెళ్లాలి. ఏం చేయాలి?

వెయ్యికిలోమీటర్లు
అది సులువే. తిరుగు ప్రయాణంలో పెట్టకు, అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు. వెళ్లేటప్పుడే ఆవిడను, మీ చెల్లెల్నీ కూడా ఎక్కించుకుని పొద్దున ఐదింటికి బయల్దేరు. పిప్లీ దగ్గర హైవే దిగితే థానేసర్ ఆరేడు కిలోమీటర్లు. బ్రహ్మసరోవరం ముందు చూడండి, ఎండ ముదరకముందు. గీత చెప్పింది ఇక్కడే అంటారే, ఆ జ్యోతిసర్ ఊరి బయట ఇంకాస్త దూరం. ఆ తర్వాత వాళ్లిద్దర్నీ కురుక్షేత్ర స్టేషన్లో ఢిల్లీ రైలు ఎక్కించి నువ్వు అటు నుంచి అటే అంబాలా. అరగంటలో అయిపోతుందని మాత్రం అనుకోకు. మూడు గంటలు పెట్టుకో.

పాతఏడోనంబరు
మూడు గంటలా?

వెయ్యికిలోమీటర్లు
అవును సార్. పెద్దావిడ మెట్ల దగ్గర కూర్చుంటుంది కదా, లేవమంటే లేవదు. మా అమ్మ గ్వాలియర్‌లో అంతే.

కొత్తకారు_కూకట్‌పల్లి
అయితే ఇలా మార్చా: హైదరాబాద్–నాగపూర్ (సగం దూరం మా ఆవిడ), నాగపూర్–ఝాన్సీ, ఝాన్సీ–గురుగ్రామ్, అక్కడ ఒక రోజు విశ్రాంతి, కురుక్షేత్రం చూసుకుని లూధియానా, జమ్మూ. భేడాఘాట్, ఆగ్రా, అమృత్‌సర్ తీసేశా. ఓర్ఛా ఝాన్సీకి ఇరవై కిలోమీటర్ల లోపే కాబట్టి పొద్దున్నే వెళ్లి తొమ్మిదికల్లా బయటపడతాం. జమ్మూకి ఆరు రోజులు. లేహ్‌లో నాలుగు రోజులు అలాగే ఉన్నాయి, కొండల కోసం రెండు రోజులు చేతిలో ఉంచుకున్నా.

నిర్మల్‌బొమ్మ
నిర్మల్?

కొత్తకారు_కూకట్‌పల్లి
పావుగంట అన్నా. గ్యారంటీ.

పాతఏడోనంబరు
బాగుంది. నాగపూర్–ఝాన్సీ రోజు బర్మాన్ వస్తుంది. దాని గురించి ఏమీ రాయలేదు.

వెయ్యికిలోమీటర్లు
ఆ రోజే 560 కిలోమీటర్ల పైన ఉంది సార్. అక్కడ ఆగితే చీకటి పడకముందు ఝాన్సీ చేరడు. నేను ఒప్పుకోను.

పాతఏడోనంబరు
నాగపూర్‌లో ఐదింటికి లేస్తే చేరతాడు.

వెయ్యికిలోమీటర్లు
పిల్లలతోనా? ఆరున్నర అవుతుంది.