ఎస్‌పీఎఫ్ చివర మైనస్ ఆల్ పెట్టాలా, టిల్డా ఆల్ చాలా?

కొత్తడొమైన్: మా సంస్థ డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ (మా పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితా) రాస్తున్నా. చివర మైనస్ ఆల్ (-all) అని ఒకరు, టిల్డా ఆల్ (~all) అని ఒకరు చెబుతున్నారు. డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ డిజిటల్ సంతకం) ఉంది, డీమార్క్ (ఆ రెండిటిలో ఏదీ నెగ్గకపోతే మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) ఇంకా లేదు. ఏది పెట్టమంటారు?

గస్తీ: మైనస్ ఆల్. జాబితాలో లేని సర్వర్ పంపితే తిప్పికొట్టమని చెప్పడానికే కదా ఆ రికార్డు! టిల్డా పెడితే అనుమానించమని చెప్పి తలుపు తీసినట్టే.

పావురాయి: ఫార్వర్డింగ్ మాటేమిటి గస్తీ గారూ? అవతలివాళ్ల పాత అడ్రసు నా మెయిల్‌ని కొత్తదానికి మళ్లిస్తే, చివరి సర్వర్‌కి కనిపించేది మళ్లించిన సర్వర్ ఐపీ. ఎస్‌పీఎఫ్ ఫెయిల్. సంతకం చేసిన భాగాలు మారకపోతే డీకిమ్ నిలుస్తుంది, డీమార్క్ గట్టెక్కుతుంది. కానీ మైనస్ ఆల్ చూడగానే కొన్ని సర్వర్లు డీకిమ్ దాకా వెళ్లకుండా గుమ్మంలోనే తిప్పేస్తాయి. 2015లో వచ్చిన డీమార్క్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7489లోనే ఈ హెచ్చరిక ఉంది.

గస్తీ: అది ఆ సర్వర్ల తప్పు. మళ్లించేవాళ్లు ఎస్‌ఆర్‌ఎస్ (ఎన్వలప్‌లో పంపినవారి అడ్రసుని తమ డొమైన్‌కి మార్చే పద్ధతి) పెట్టుకోవాలి.

పావురాయి: తప్పు ఎవరిదైనా పోయేది నా ఉత్తరం. ఉద్యోగానికి ఒప్పుకుంటూ రాసిన మెయిల్ అలాగే పోయింది. తెలిసేసరికి గడువు దాటింది.

లుకప్‌లెక్క: ఇన్‌క్లూడ్‌లు (వేరే డొమైన్ ఎస్‌పీఎఫ్ జాబితాని కలుపుకునేవి) ఎన్ని ఉన్నాయో ముందు చూడండి. లోపలివాటితో కలిపి డీఎన్‌ఎస్ లుకప్‌లు (డొమైన్ రికార్డుల కోసం వెతుకులాటలు) 10 దాటితే పర్మ్‌ఎర్రర్, అంటే రికార్డే చెల్లదు, చివర ఏ గుర్తున్నా ఒకటే. నేరుగా ఐపీ అడ్రసు రాసే ఐపీ4, ఐపీ6 లెక్కలోకి రావు. ఒకే డొమైన్‌కి రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులున్నా అదే గతి.

గస్తీ: ఆయన అడిగింది అది కాదండీ. పావురాయి గారూ, మీకు పోయింది ఒక ఉద్యోగం. మా డొమైన్ పేరుతో ఎవడో మా ఖాతాదారుకి 'బ్యాంకు ఖాతా మారింది' అని రాశాడు. మా రికార్డులో టిల్డా ఉండేది. ఆయన డబ్బు కట్టేశాడు. ఆయన ముందు తలదించుకుని నిలబడింది నేను.

పావురాయి: 'ఒక ఉద్యోగం' అనేశారు, సరే. ఎస్‌పీఎఫ్ చూసేది ఎన్వలప్‌లోని రిటర్న్ పాత్ (సర్వర్లు వాడుకునే, చదివేవాళ్లకి మామూలుగా కనిపించని పంపినవారి అడ్రసు). మనిషి కంటికి కనిపించేది ఫ్రమ్. దొంగ తన సొంత డొమైన్‌ని ఎన్వలప్‌లో పెడితే మీ మైనస్ ఆల్ దాకా ఎవరూ రారు. ఫ్రమ్‌తో పోల్చి చూసేది డీమార్క్. అప్పుడు మీకు ఉందా?

గస్తీ: ఉంది. పీ=నన్, అంటే ఫెయిలైనా ఏమీ చేయొద్దని. రెండేళ్లుగా. రిపోర్టులు ఎవరూ తెరవలేదు.

గస్తీ: అయినా నా మాట మారదు. ఒక్క మంచి ఉత్తరం కూడా పోకూడదని మీ పట్టు. ఒక్క దొంగ ఉత్తరం దూరకూడదంటే నాలుగు మంచివి పోయినా సరేనంటాను నేను.

పావురాయి: ఆ నాలుగూ ఎవరివో మీకు తెలియదు కాబట్టి అనగలుగుతున్నారు.

కొత్తడొమైన్: ఇప్పుడే చూశా. మా బిల్లులు పంపే బయటి సర్వీసుకి మా డొమైన్‌తో డీకిమ్ పెట్టలేదు.

పావురాయి: ముందు అది పెట్టండి. ఎస్‌పీఎఫ్‌కి టిల్డా, డీమార్క్‌కి పీ=నన్, రిపోర్టులకి ఆర్‌యూఏ అడ్రసు. మీ మెయిళ్లన్నీ పాస్ అవుతున్నాయని తేలాక డీమార్క్‌ని పీ=రిజెక్ట్‌కి (తిప్పికొట్టమనడానికి) మార్చండి.

గస్తీ: రిజెక్ట్‌కి మారే తేదీ మాత్రం ఇవాళే రాసుకోండి. మేం రాసుకోలేదు.